మోల్చాత్ దోమా జాయ్ డివిజన్‌కి కాపీయా?

"బెలారూస్ బ్యాండ్ మోల్చాత్ దోమా పాటలు అచ్చం జాయ్ డివిజన్‌లా ఉంటాయి, వాళ్ళ ప్రభావమేనా?" అని అడిగారు.

కాదు. జాయ్ డివిజన్‌ది ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్. ఆ మాంచెస్టర్ వాసన ఉంది, ఒప్పుకుంటాను. కానీ అది నేరుగా రాలేదు, లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) మీదుగా వచ్చింది. బెలారూస్ రాజధాని మిన్స్క్‌లో ఎంబీబీఎస్ చదివి, ఆ ఊరి వాళ్ళతో కలిసి ఆ పాటలు విన్నాను కాబట్టి చెబుతున్నాను. ఇంగ్లిష్‌లో రివ్యూలు రాసేవాళ్ళకి తెలిసిన ఇంగ్లండ్ బ్యాండ్లు నాలుగే: జాయ్ డివిజన్, న్యూ ఆర్డర్, ద క్యూర్, డెపెష్ మోడ్. ఏ దేశం బ్యాండ్ వచ్చినా ఆ నాలుగింటిలో ఏదో ఒక ఖాతాలో రాసేస్తారు.

కోర్సంతా ఇంగ్లిష్‌లోనే అని మన దగ్గర కన్సల్టెన్సీల వాళ్ళు చెప్పి పంపిస్తారు. క్లాసు వరకు అది నిజమే. వార్డులో పేషెంటు ఏ భాషలో మాట్లాడతాడో మాత్రం ఎవరూ చెప్పరు. రష్యన్ రాకపోతే గోడకి ఆనుకుని నిలబడటమే. అందుకే పాటలు పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాను. అందులో ఒకటి ఈ బ్యాండ్ పాట 'సుద్నో'. ఆ పాట మొదలే ఎనామిల్ బెడ్‌పాన్, కిటికీ, చిన్న బల్ల, మంచం. నేను రోజూ తిరిగే వార్డే అది.

ఎముకల వార్డులో తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఒకరోజు సాయంత్రం రౌండ్లు అయిపోయాక ఆయన పక్కన కూర్చుని కేస్ షీట్ రాసుకుంటున్నాను. "ఏం వింటున్నావమ్మాయ్?" అన్నాడు. ఒక ఇయర్‌బడ్ తీసి ఇచ్చాను. కాసేపు కదలకుండా విన్నాడు. తర్వాత టీ చెంచా తీసుకుని మంచం కడ్డీ మీద దరువు మొదలుపెట్టాడు. ఎక్కడా తప్పలేదు. పక్క మంచం ఆయన విసుక్కున్నా ఆపలేదు. పాట సగంలోనే "ఇది మా కినో కదా!" అన్నాడు. కాదు, కొత్త కుర్రాళ్ళు, మీ ఊరివాళ్ళే అన్నాను. ఆయన వయసులో ఉన్నప్పుడు కినో అనే సోవియట్ రాక్ బ్యాండ్ పాటలు ఒక టేపు నుంచి ఇంకో టేపుకి ఎక్కించుకునేవాళ్ళట. తన దాకా వచ్చేసరికి కినో గాయకుడు త్సోయ్ గొంతు బావిలోంచి పాడినట్టు వినిపించేదట. "మేం విన్నది సరిగ్గా ఇలాగే ఉండేది" అన్నాడు.

నాకు అదే సరైన జవాబు. మోల్చాత్ దోమా పాత రికార్డింగుల్లో ఆ మసక చప్పుడుని అందరూ జాయ్ డివిజన్ ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ స్టూడియో పనితనంతో పోలుస్తారు. నా లెక్క ప్రకారం అది చేతులు మారి మారి అరిగిపోయిన సోవియట్ టేపు చప్పుడు.

కినో లెనిన్‌గ్రాడ్ బ్యాండ్. 1982లో మొదటి ఆల్బమ్ చేసినప్పుడు డ్రమ్మర్ లేక డ్రమ్ మెషీన్ వాడారు. పాడింది వీక్తర్ త్సోయ్, బాయిలర్ గదిలో బొగ్గు వేసే ఉద్యోగం కూడా చేశాడు. 1990 ఆగస్టులో లాత్వియాలో కారు ప్రమాదంలో పోయాడు, అప్పటికి 28 ఏళ్ళు. మిన్స్క్‌లో ఇప్పటికీ ఆయన పేరున అభిమానులు రాతలు రాసే ఒక గోడ ఉంది. కినో వాళ్ళు కూడా ద క్యూర్ లాంటి ఇంగ్లండ్ బ్యాండ్లని విన్నవాళ్ళే, అందుకే లెనిన్‌గ్రాడ్ మీదుగా అన్నాను.

2017లో మొదలైన మోల్చాత్ దోమాలో ముగ్గురే: యెగోర్ ష్కుత్కో, రమాన్ కమగోర్త్సెవ్, పావెల్ కజ్లోవ్. ఇక్కడా డ్రమ్మర్ లేడు, మెషీనే. జాయ్ డివిజన్ గాయకుడు ఇయాన్ కర్టిస్ పాడితే ఎక్కడో ఒకచోట గొంతు పగులుతుంది. ష్కుత్కో గొంతు పగలదు. బరువుగా, తిన్నగా, త్సోయ్‌లా పోతుంది. జాయ్ డివిజన్ నిజంగా కనబడేది కజ్లోవ్ బేస్ గిటార్‌లో. పై తీగల మీద ట్యూన్ నడిపే ఆ పద్ధతి జాయ్ డివిజన్‌లో బేస్ వాయించిన పీటర్ హుక్‌దే.

ప్రభావం అనగానే బ్యాండ్ల పేర్లే వెతకడం కూడా నాకు నచ్చదు. 'సుద్నో' సాహిత్యం బరీస్ రీజీ అనే కవిది. యెకాటెరిన్‌బర్గ్‌లో బతికి, 2001లో 26 ఏళ్ళకే ఆత్మహత్య చేసుకున్నాడు. 2020లో ఆ పాట టిక్‌టాక్‌లో పాకిపోయి, బట్టలు మార్చుకునే వీడియోలకి వెనక మోగింది. ఆ కవిత్వాన్ని పదిహేను సెకన్లకి కత్తిరించడం నాకు ఇప్పటికీ కోపమే. 2018 ఆల్బమ్ 'ఎతజీ' అట్ట మీది బిల్డింగ్‌ని మిన్స్క్ అపార్ట్‌మెంట్ అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అది స్లొవాకియాలోని పనొరామా హోటల్.

2024 ఆల్బమ్ మాత్రం వేరే దారి. లాస్ ఏంజెలెస్‌కి మారాక చేసింది, డెపెష్ మోడ్ ఛాయ గట్టిగా ఉంది. అక్కడ మీరు ఇంగ్లండ్ పేరు ఎత్తితే నేను వాదించను.

ముందు కినో వినండి, ఆ తర్వాత 'ఎతజీ'. ఫోన్ స్పీకర్‌లో వద్దు, బేస్ అసలు వినబడదు. ఇంకొకటి, వీళ్ళని రష్యన్ బ్యాండ్ అని రాయకండి. రష్యన్‌లో పాడతారు, కానీ మిన్స్క్ వాళ్ళు.