అండాశయంలో సిస్ట్: బుడగల స్కాన్‌తో క్యాన్సర్ తేలుతుందా?

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. నెలసరి ఇంకా వస్తోంది. మా అమ్మ అండాశయ క్యాన్సర్‌తో చనిపోయారు. ఇటీవల అల్ట్రాసౌండ్‌లో నా ఎడమ అండాశయంలో సిస్ట్ కనిపించింది. ఆరు నెలల తర్వాత మళ్లీ చూద్దామన్నారు. క్యాన్సర్ కణాలకు అతుక్కునే బుడగలను రక్తంలోకి ఎక్కించి చేసే స్కాన్ ఉందని చదివాను. అది చేయించుకుంటే ఇప్పుడే తేలిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మను ఆ జబ్బుతోనే పోగొట్టుకున్న మీకు ఆరు నెలలు ఆగడం ఎంత కష్టమో అర్థమవుతోంది. మీరు చదివిన పద్ధతి నిజమే కాని, అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

అయితే ఆ బుడగలు అతుక్కునేది క్యాన్సర్ కణాలకు కాదు, కంతికి రక్తాన్ని అందించే కొత్త నాళాల లోపలి గోడకు. ఆ గోడ మీద కేడీఆర్ అనే గ్రాహకం (సంకేతాలను అందుకునే ప్రొటీన్) ఎక్కువగా ఉంటుంది. దాన్ని పట్టుకునే పెప్టైడ్‌ను (చిన్న ప్రొటీన్ ముక్కను), కొవ్వు పొరలో వాయువు నింపిన సూక్ష్మ బుడగకు తగిలిస్తారు. ఎర్ర రక్తకణం కన్నా చిన్నదే అయినా నాళం దాటి బయటికి పోలేని ఈ బుడగను సిరలోకి ఎక్కించి కొన్ని నిమిషాలు ఆగితే, రక్తంలో తిరిగేవి క్రమంగా తగ్గిపోతాయి, అతుక్కున్నవి మాత్రం ధ్వని తరంగాలకు కంపిస్తూ తెర మీద మెరుస్తాయి. లోపలి వాయువు చివరికి ఊపిరితో బయటికి పోతుంది.

బీఆర్55 అనే ఇలాంటి బుడగల మందును అండాశయ కంతులున్న 24 మంది, రొమ్ము కంతులున్న 21 మంది మహిళల్లో తొలిసారి పరీక్షించిన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. అండాశయ క్యాన్సర్ కంతుల్లో 77 శాతం గట్టిగా మెరిశాయి. క్యాన్సర్ కాని అండాశయ కంతుల్లో 78 శాతంలో మెరుపు కనిపించలేదు. ఆశ కలిగించే ఫలితమే గాని, ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది దీన్నిబట్టి తేల్చలేం. పైగా అండం విడుదలైన తర్వాత ఏర్పడే కార్పస్ ల్యూటియంలోనూ కొత్త నాళాలు మొలుస్తాయి కనుక, నెలసరి వచ్చే వయసులో మెరుపును క్యాన్సర్ అని పొరబడే అవకాశం ఉంది.

మీరు ఇప్పుడు చేయవలసింది వేరు. రిపోర్టులో సిస్ట్ పలుచని గోడతో, నీటితో మాత్రమే ఉందని రాశారా, లేక లోపల గట్టి భాగాలు, వాటిలో రక్తప్రసారం ఉన్నాయని రాశారా చూడండి. రెండోదైతే ఆరు నెలలు ఆగకుండా గైనిక్ ఆంకాలజిస్టును (స్త్రీల జననాంగ క్యాన్సర్ల నిపుణులను) కలవండి. పొట్ట ఉబ్బరం, కొద్దిగా తినగానే కడుపు నిండడం, పొత్తికడుపు నొప్పి, తరచూ మూత్రం రావడం కొత్తగా మొదలై వారాల తరబడి తగ్గకపోయినా అంతే. సిస్ట్ ఎలాంటిదైనా, అమ్మ సంగతి చెప్పి, అండాశయ క్యాన్సర్ ముప్పు వంశపారంపర్యంగా వచ్చిందేమో చూసే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి డాక్టరును తప్పక అడగండి.