మెడిసిన్ చదవకుండా గుండె, మెదడుపై పరిశోధన చేయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ రెండో సంవత్సరం, జీవశాస్త్రాలు చదువుతోంది. గుండె, మెదడుల్లోని అయాన్ చానళ్ల మీద ఒక శాస్త్రవేత్త ఇచ్చిన ఉపన్యాసం విన్నప్పటి నుంచి, పీహెచ్‌డీ చేసి అదే పరిశోధనలోకి వెళ్తానంటోంది. మెడిసిన్ చదవనివారికి ఇది సాధ్యమేనా? అన్నేళ్లు చదివాక ఉద్యోగం దొరుకుతుందా?
- ఒక తల్లి

జవాబు: సాధ్యమేనమ్మా. అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు, జీవకణం పొరను దాటే ప్రొటీన్ దారులే అయాన్ చానళ్లు. అలాంటి ఒకే ఒక్క చానల్ గుండా పారే విద్యుత్తును 1976లో కొలిచి చూపిన ఇద్దరిలో ఎర్విన్ నెహెర్ భౌతికశాస్త్రం చదివినవారు, బెర్ట్ సాక్‌మన్ వైద్యం చదివినవారు. 1991లో నోబెల్ ఇద్దరికీ కలిపే వచ్చింది. కాబట్టి డాక్టరు పట్టా గురించి దిగులు వద్దు.

నేను అడగదలచింది వేరు. మీ అమ్మాయికి లెక్కలు, భౌతికశాస్త్రం అంటే ఇష్టమేనా? వాటిని తప్పించుకోవడానికే జీవశాస్త్రం తీసుకునే పిల్లలు చాలామంది ఉంటారు. ఈ రంగంలో ఆ రెండింటి నుంచీ తప్పించుకోలేరు. నాడీకణం విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు పొరలోని ప్రొటీన్ దారుల గుండా లోపలికీ బయటికీ కదిలితేనే నాడిలో సంకేతం పుడుతుంది, గుండె లయ తప్పకుండా కొట్టుకుంటుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో ఈ కదలికను సమీకరణాల్లో పెట్టారు. చేత్తో తిప్పే లెక్కల యంత్రం మీద హక్స్‌లీ వాటిని సాధించారు. ఆ సమీకరణాలు ఇప్పటికీ ఈ రంగంలో అడుగుపెట్టేవారికి మొదటి పాఠం.

గుండె, మెదడు అని రెండు అవయవాలను కలిపి చెప్పడం ఆమెను అంతగా ఆకట్టుకోవడానికి మంచి కారణమే ఉంది. పొటాషియం చానళ్లలో కేసీఎన్‌క్యూ అనే కుటుంబం ఉంది. అందులో మొదటి జన్యువులో లోపం ఉంటే గుండె లయ ప్రమాదకరంగా దెబ్బతినవచ్చు. రెండోదానిలో లోపం ఉంటే పుట్టిన కొద్ది రోజులకే బిడ్డకు మూర్ఛలు రావచ్చు. ఒకే కుటుంబపు ప్రొటీన్లు ఒకచోట గుండెను, మరోచోట మెదడును కాస్తున్నాయి. ఇది విని ఒక విద్యార్థి మనసు అక్కడే ఆగిపోయిందంటే నాకు ఆశ్చర్యం లేదు, సంతోషం ఉంది.

అయితే ఉపన్యాసం విన్న ఉత్సాహం వేరు, రోజువారీ పని వేరు. సెలవుల్లో ప్యాచ్ క్లాంప్, అంటే చానల్ విద్యుత్తును కొలిచే పద్ధతి, వాడే ప్రయోగశాలలో కొన్ని వారాలు కూర్చోనివ్వండి. అదురు తగలని బల్ల, బయటి విద్యుత్ అలజడిని ఆపే లోహపు జాలీ, సూక్ష్మదర్శిని కింద ఒక కణం. వేడిచేసి సాగదీసిన గాజు గొట్టపు మొన సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, ఉంటుంది. దాన్ని కణానికి ఆనించి మెల్లగా పీల్చాలి. పొర గాజుకు గట్టిగా అతుక్కుంటే తెరమీద గీత మెట్టులా పైకి లేచి మళ్లీ పడుతుంది. ఒక చానల్ తెరుచుకుని మూసుకుందన్నమాట. ఆ విద్యుత్తు పికోయాంపియర్లలో, అంటే యాంపియర్‌లో లక్ష కోట్లవ వంతు లెక్కన ఉంటుంది. చాలాసార్లు అతుకు నిలవదు, పూటంతా వృథా అవుతుంది. మర్నాడు మళ్లీ అదే బల్ల దగ్గరికి వెళ్లాలని ఆమెకు అనిపిస్తే నిశ్చింతగా పంపండి. అనిపించకపోయినా దారి మూసుకుపోదు. చానళ్ల నిర్మాణం, జన్యువులు, కంప్యూటర్ నమూనాలు, ఇవన్నీ ఇదే రంగంలోని పనులు.

ఇక ఉద్యోగం మాట. విశ్వవిద్యాలయాల్లో శాశ్వత పదవులు తక్కువ. పీహెచ్‌డీ తర్వాత కూడా కొన్నేళ్లు తాత్కాలిక పరిశోధనలో గడపాల్సి రావచ్చు. దీనికి ఇంట్లో అందరూ ముందే సిద్ధపడండి. మరోవైపు ఔషధ పరిశ్రమకు ఈ నైపుణ్యం నిజంగా అవసరం. టెర్ఫెనడిన్ అనే అలర్జీ మందు గుండెలోని హెర్గ్ అనే పొటాషియం చానల్‌ను అడ్డుకుని కొందరిలో ప్రాణాంతకమైన లయ దోషం కలిగించడంతో, 1990లలో దాన్ని చాలా దేశాల్లో మార్కెట్ నుంచి తప్పించారు. అప్పటి నుంచి కొత్త మందు ఆ చానల్‌ను అడ్డుకుంటుందా అని పరీక్షించడం ఔషధ తయారీలో మామూలు అంచెగా మారింది. ఆ పరీక్షలు చేసేవారు, ఫలితాలను చదవగలవారు కావాలి.

ఈ ఏడాది ఆమె చేయాల్సిన పనులు మూడు: విద్యుత్ వలయాల ప్రాథమిక పాఠాలు, అవకలన సమీకరణాలు, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. పీహెచ్‌డీకి మార్గదర్శిని ఎంచుకునేటప్పుడు పేరు ప్రఖ్యాతులకంటే ముందు రెండు సంగతులు అడగమనండి. అక్కడ చదివి వెళ్లినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారు? పరికరం దగ్గర పక్కన కూర్చుని పని నేర్పేది ఎవరు? రెండో ప్రశ్నకు స్పష్టమైన జవాబు రాని చోట చేరనివ్వకండి.