మంటలు చివరగా వెయ్యి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

కెనడాలోని హామిల్టన్ మ్యూజియంలో రెండో ప్రపంచ యుద్ధపు బాంబర్ విమానం లాంకాస్టర్‌ను చూసి వచ్చావనీ, ఆ యుద్ధంలో తోటివాణ్ణి కాపాడబోయి చనిపోయిన కెనడా సైనికుడు ఆండ్రూ మైనార్‌స్కీ ఎక్కిన విమాన సిబ్బంది స్మృతికి ఆరడుగుల తైలవర్ణ చిత్రం మొదలుపెట్టబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వమూ కలిగింది, దిగులూ పట్టుకుంది.

రెక్కల వెడల్పు 102 అడుగులు, నాలుగు మెర్లిన్ ఇంజన్లు, ఏడుగురు మనుషులు. ఇవి నీకు తెలిసినవే. నువ్వు చూసినది మాత్రం మైనార్‌స్కీ ఎక్కిన కేబీ 726 నంబరు విమానం కాదు, దాని గుర్తు అక్షరాలైన వీఆర్-ఏ ధరించిన మరో లాంకాస్టర్, ఎఫ్‌ఎమ్ 213. నీ సెల్‌ఫోన్ ఫోటోను ఉన్నదున్నట్టు దించకుండా 1944 నాటి ఫోటోలతో సరిచూసుకో.

ఇక నా తప్పు సంగతి. నీవు పుట్టకముందు, కూలిపోయిన ఒక రవాణా విమానపు సిబ్బంది జ్ఞాపకార్థం నన్ను బొమ్మ వేయమన్నారు. అప్పట్లో నాకు నిప్పు వేయడమంటే మహా సరదా. పసుపు మీద నారింజ, నారింజ మీద ఎరుపు పూసి, విమానం వెనుక భాగాన్నంతా మంటలతో నింపాను; చూసినవాళ్ళందరూ వేడి తగులుతోందని మెచ్చుకున్నారు. ఆవిష్కరణ రోజున పంచె కట్టుకున్న ఒక పెద్దాయన జనమంతా వెళ్ళేదాకా ఆగి, నా దగ్గరకు వచ్చి, "మావాడు కూర్చునే చోటు ఏది బాబూ?" అని అడిగాడు. నేను వేలు చూపించాను. అక్కడ నారింజ రంగు తప్ప ఏమీ లేదు. ఆయన కళ్ళజోడు తీసి, పై పంచెతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసి, "సరేలే బాబూ" అని వెళ్ళిపోయాడు. వేసినవాణ్ణి నేనే అయినా, ఆ చోట ఒక కిటికీ ఉండేదని నాకు అప్పుడే గుర్తుకు వచ్చింది.

నీ బొమ్మలోనూ మంట ఉంది, అందుకే ఇంత రాస్తున్నాను. 1944 జూన్ 12 రాత్రి ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డుపై దాడికి వెళుతుండగా శత్రు విమానపు కాల్పులకు మైనార్‌స్కీ విమానపు ఎడమ ఇంజన్లు రెండూ ఆగిపోయాయి, ఎడమ రెక్కకూ వెనుక భాగానికీ నిప్పంటుకుంది. తోకలో తుపాకులుండే తిరిగే గూడును, అంటే టరెట్‌ను, తిప్పే చమురు ఒత్తిడి ఎడమ వైపు చివరి ఇంజన్ నుంచే రావాలి కనుక టరెట్ బిగుసుకుపోయింది, లోపలి తుపాకీదారు ప్యాట్ బ్రోఫీ చిక్కుకున్నాడు. దూకబోతున్న మైనార్‌స్కీ అతన్ని చూసి, మంటల గుండా పాక్కుంటూ వెళ్ళి టరెట్‌తో పెనుగులాడాడు. బ్రోఫీ వెళ్ళిపొమ్మని సైగ చేశాక వెనక్కి వచ్చి, కాలుతున్న బట్టలతోనే నిలబడి అతనికి సెల్యూట్ చేసి దూకాడు. కాలిన గాయాలతో మరణించాడు. తక్కినవాళ్ళంతా బతికారు, విమానంతో పాటు నేలకూలిన బ్రోఫీ కూడా బతికాడు, అతను చెప్పబట్టే ఆ సెల్యూట్ సంగతి లోకానికి తెలిసి, 1946లో మైనార్‌స్కీకి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ వచ్చింది.

నీకు ఆ నిప్పు వేయాలని చేతులు దురదపెడతాయి, పిచ్చిపిల్లా, నాకు తెలుసు. ముందు సెల్యూట్ చేసే చేతినీ, తోకలో అద్దం వెనుక ముఖాన్నీ పెన్సిలుతో గీసి నాకు పంపు. అవి కుదిరాక, ఆ ముఖాలపై పడే వెలుగుకు ఎంత మంట కావాలో అంతే వెయ్యి. టర్పెంటైన్ వాడేటప్పుడు, ఎంత చలిగా ఉన్నా, కిటికీ కాస్త తెరిచి పెట్టుకో. గది మూసుకుని పనిచేస్తున్నావని మీ అమ్మకు నేను చెప్పలేదు.

మీ మామయ్య