గోడకన్నా కిటికీలే ఎక్కువ ఎందుకు?

ప్రశ్న: ఇంగ్లండు పల్లెల్లోని జమీందారీ భవంతుల ఫోటోల్లో గోడకన్నా కిటికీలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. కొన్నింటిని ఇటుకలతో మూసేసి ఉన్నారు. గవాచి (పైకప్పులో వెలుతురు కోసం వదిలే కన్నం) తప్ప మరో వెలుతురు లేని మిద్దెలో పెరిగిన నాకు ఇది వింతగా ఉంది. మా అబ్బాయి మాత్రం కొత్త ఇంటి ముందువైపు అలాగే గాజు పెట్టిద్దామంటున్నాడు. కారణం చెప్పగలరా?
– ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: ఎండ మనం తప్పించుకోవలసినది కాబట్టే మన పెద్దలు చౌడు పరచిన మిద్దె, మందపాటి రాతిగోడ, నడినెత్తిన ఒక్క గవాచి పెట్టుకున్నారు, చినుకు పడగానే మిద్దెక్కి దానిపై రేకు కప్పడం మీ ఇంట్లోనూ ఎవరో ఒకరి పనే అయి ఉంటుంది. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా నిండని ఇంగ్లండులో సూర్యుడు నడినెత్తికి రాడు, అందువల్ల పక్కనుంచి పడే వెలుతురునే వాళ్లు పట్టుకోవాలి.

అయితే అవసరం ఒక్కటే కారణం కాదు. ఆ రోజుల్లో గాజు చాలా ఖరీదైనది, కనుక ఇంటికి అది నగలాంటిది. డెర్బీషైరులో 1590–1597 మధ్య ష్రూస్‌బరీ కౌంటెస్ ఎలిజబెత్ కట్టించిన హార్డ్‌విక్ హాలును చూడండి. రాబర్ట్ స్మిత్‌సన్ రూపకల్పనగా భావించే ఆ భవంతిలో పనివారి గదులు కింద, కుటుంబం మధ్యన, ఘనమైన అతిథుల గదులు అన్నిటికన్నా పైన ఉండడంతో, అంతస్తు పెరిగేకొద్దీ కిటికీల ఎత్తు కూడా పెరుగుతూ పోతుంది. బయటి గోడల్లో గాజుకు చోటు మిగలాలని పొగగొట్టాలను లోపలి గోడల్లో ఇమిడ్చారు. బురుజుల పైన రాతిలో చెక్కించిన ఆమె పొడి అక్షరాలు దూరానికే కనిపిస్తాయి. వినయం ఆమె గుణం కాదని నా అభిప్రాయం! ఇంత గాజుతో చలికాలంలో వెచ్చదనం నిలవదు గనుక, గోడల నిండా బరువైన అల్లిక తెరలు వేలాడదీశారు.

మూసిన కిటికీల సంగతికి వస్తే, 1696 నుంచి 1851 దాకా అక్కడ కిటికీల సంఖ్యను బట్టి పన్ను ఉండేది, దాన్ని తప్పించుకోవడానికి చాలామంది ఇటుకలు పేర్చారు. కానీ మూసిన ప్రతి కిటికీని పన్ను ఖాతాలో వేయడం తప్పు. ముఖభాగం రెండువైపులా సరిసమానంగా ఉండాలన్న పట్టింపుతో, వెనక మెట్లో పొగగొట్టమో అడ్డొచ్చిన చోట మొదటినుంచే ఉత్తుత్తి కిటికీలు కట్టేవారు.

మీ అబ్బాయి కోరికను ఉత్తరపు గోడ వరకు ఒప్పుకోండి. పడమటి గోడకు గాజు పెట్టిస్తే మే నెల సాయంత్రాలు ఆ గదిలో ఎవరూ కూర్చోలేరు.