ప్లే స్టోర్ నుంచి దించుకుంటేనే మూతబడే యాప్

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌లోని పత్తి, మిర్చి ధరలను రైతులకు చూపే ఆండ్రాయిడ్ యాప్‌ను నేను, మా తమ్ముడు కలిసి తయారుచేశాము. కేబుల్‌తో మా ఫోన్లలోకి ఎక్కించి చూసినప్పుడు గూగుల్ ఖాతాతో లాగిన్ చక్కగా జరిగింది. ప్లే స్టోర్‌లో పెట్టిన తరువాత మాత్రం, ఖాతాను ఎంచుకోగానే యాప్ మూతబడుతోందని పరకాల, నర్సంపేట వైపు రైతులు ఫోన్ చేసి చెబుతున్నారు. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. కారణం ఏమిటి?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: కోడ్ మారకపోయినా యాప్‌పై ఉన్న డిజిటల్ సంతకం మారింది. ఆ సంతకపు సర్టిఫికెట్ నుంచి లెక్కగట్టే ఎస్‌హెచ్‌ఏ-1 వేలిముద్రను (ఆ సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే చిన్న సంకేతాన్ని), యాప్ ప్యాకేజీ పేరును (యాప్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు పేరును) కలిపి సరిచూసిన తరువాతే గూగుల్ లాగిన్‌కు అనుమతిస్తుంది. మీ ఫోన్లలోకి ఎక్కించినప్పుడు యాప్ తయారీకి వాడే ఆండ్రాయిడ్ స్టూడియో తానే డీబగ్ కీతో, అంటే పరీక్షల కోసం ఉండే కీతో, సంతకం చేసింది. స్టోర్‌కు పంపేటప్పుడు మీరు అప్‌లోడ్ కీని, అంటే మీ వద్ద ఉండే మరో కీని, వాడారు. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లను బండిల్ రూపంలోనే (గూగుల్ దాని నుంచి చివరి యాప్‌ను తయారుచేసే ఫైలుగా) పంపవలసి ఉన్నందున, గూగుల్ దానిపై తన వద్ద భద్రపరచిన వేరొక కీతో మళ్ళీ సంతకం చేసి వినియోగదారులకు అందిస్తుంది. రైతుల ఫోన్లలో ఉన్నది ఈ మూడో సంతకం. యాప్ లాగిన్ వివరాలు నమోదు చేసే గూగుల్ సేవ ఫైర్‌బేస్‌లో మీరు నమోదు చేసినది బహుశా మొదటిదాని వేలిముద్రే.

స్టోర్‌లోని మీ యాప్‌ను నిర్వహించే ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీ తెరిస్తే రెండు సర్టిఫికెట్లు కనిపిస్తాయి. వాటిలో అప్‌లోడ్ కీది కాకుండా యాప్ సైనింగ్ కీది చూసి, దాని ఎస్‌హెచ్‌ఏ-1ను ఫైర్‌బేస్ ప్రాజెక్టు సెట్టింగులలో చేర్చండి. పాతదాన్ని తొలగించవద్దు, తొలగిస్తే మీ కంప్యూటర్ నుంచి పరీక్షించడం ఆగిపోతుంది. ఫేస్‌బుక్ లాగిన్ కూడా పెట్టదలిస్తే, ఇదే వేలిముద్రను బేస్-64 అనే అక్షర రూపంలోకి మార్చినప్పుడు వచ్చే 28 అక్షరాల కీ హ్యాష్‌ను ఫేస్‌బుక్ వద్ద నమోదు చేయాలి.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది రెండో లోపం. వేలిముద్ర కుదరనప్పుడు లాగిన్ జరగకపోవడం సహజమే కాని, యాప్ మూతబడకూడదు. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, స్టోర్ నుంచి దించుకున్న యాప్‌నే నడుపుతూ ఆండ్రాయిడ్ స్టూడియోలో లాగ్‌క్యాట్ (ఫోన్‌లో జరిగేవన్నీ నమోదయ్యే చిట్టా) చూడండి. పాత గూగుల్ సైన్-ఇన్ లైబ్రరీ వాడి ఉంటే అక్కడ ఏపీఐ ఎక్సెప్షన్ 10 (యాప్ నమోదు వివరాలు కుదరలేదని తెలిపే లోప సంకేతం) కనిపించాలి. ఖాతా వివరాలు తప్పక వస్తాయన్న నమ్మకంతో రాసిన మీ కోడ్ ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకోకపోవడం వల్లనే యాప్ కూలిపోతున్నట్లుంది. రైతు ఖాతా ఎంచుకోకుండా వెనక్కి వెళ్ళినా 12501 అనే సంకేతంతో ఇదే దారిలో మరో ఎక్సెప్షన్ వస్తుంది కనుక, వేలిముద్ర ఒక్కటే సరిచేసి ఊరుకుంటే యాప్ మళ్ళీ మూతబడుతుంది. రెండింటినీ పట్టుకుని, లాగిన్ జరగలేదని తెలుగులో ఒక మాట చూపి, మళ్ళీ ప్రయత్నించే బటన్ ఇవ్వండి.

సవరించిన యాప్‌ను నేరుగా అందరికీ విడుదల చేయకుండా, ముందుగా ప్లే కన్సోల్‌లోని ఇంటర్నల్ టెస్టింగ్ ద్వారా పంపండి. అందులో 100 మంది వరకు చేర్చుకోవచ్చు. మీకు ఫోన్ చేసిన రైతులనే చేర్చుకోవడం మేలు.

ఒక్క సూచన. నిన్నటి మిర్చి ధర తెలుసుకోవడానికి రైతు ఖాతా అవసరం లేదు. ధరల పేజీని లాగిన్‌కు ముందే తెరవనిచ్చి, తన సరుకు వివరాలు దాచుకోదలచినప్పుడే ఖాతా అడగండి.