ఇసుక తవ్వకండి

ఉప్పునీటి ట్యాంకు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. పోయిన శనివారం బ్లూ స్టార్ లెపర్డ్ రాస్ అనే చేపను కొన్నాను. కెన్యా నుంచి వచ్చిందన్నారు. వదలగానే ఇసుకలోకి దూరింది, మళ్లీ కనపడలేదు. చచ్చిపోయి ఉంటుంది, నీళ్లు పాడవకముందే ఇసుక తవ్వి తీసెయ్యమని మా ఆవిడ పోరుతోంది. పరీక్ష చేస్తే అమ్మోనియా లేదు. ఏం చేయమంటారు?

జవాబు: తవ్వకండి. లెపర్డ్ రాస్‌లు రాత్రి పడుకోవడానికీ, బెదిరినప్పుడు దాక్కోవడానికీ ఇసుకలోకే వెళ్తాయి. కొత్త చోటికి వచ్చాక వారం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రోజులు లోపలే ఉండిపోతాయి. తవ్వి లేపితే కాస్త కుదుటపడిన ప్రాణాన్ని మళ్లీ హడలగొట్టినట్టే. చేప చచ్చి కుళ్లితే నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది, దాన్ని రోజూ చూస్తూ ఉండండి. అది పెరగనంత కాలం ఇసుక జోలికి పోవద్దు.

ఇంకొకటి. దాని ఒంటి గడియారం ఇంకా కెన్యా టైములోనే నడుస్తోంది. వేసవిలో మీరు పొద్దున పదింటికి లైటు వేసేసరికి అక్కడ సాయంత్రం ఆరు, చలికాలమైతే ఏడు. అంటే అది పడుకునే వేళ. దానికి తెల్లారేది మీ రాత్రి తొమ్మిది, పదింటికి, మీరు లైటు ఆపేశాక. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మానాన్నలు మొదటి వారం అర్ధరాత్రి లేచి వంటింట్లో కాఫీ కలుపుకుంటారు చూడండి, ఇదీ అంతే. కాబట్టి రాత్రిపూట గదిలో మసక వెలుతురు ఉంచి, ట్యాంకు ముందు కదలకుండా కూర్చుని చూడండి. బతికున్న కోపెపాడ్లను (చుక్కల్లా కనిపించే రొయ్యజాతి చిట్టి జీవులు) కాసిని అప్పుడే వదలండి. తిండి దొరుకుతుందని తెలిశాక మెల్లగా మీ లైటు వేళకు అలవాటుపడుతుంది.

ఇసుక ఎలాంటిదో మీరు రాయలేదు. నాకు ఎక్కువ బెంగ దాని గురించే. వేలితో నలిపితే పంచదార పలుకుల్లా సన్నగా ఉండాలి, కనీసం 5 సెంటీమీటర్ల లోతు ఉండాలి. గరుకు ముక్కల్లోకి తల పెట్టి దూకితే మూతి చెక్కుకుపోతుంది. దారిలో కూడా ఇదే ప్రమాదం: సంచిలో ఇసుక ఉండదు కదా, భయంతో అడుగును మూతితో పొడుస్తూనే ఉంటుంది. ఆ పుండుకు చీము పడితే నోరు ఆడదు, తినదు. అందుకే ఈ చేపను కొనేముందు అంగట్లో దానికి తిండి వేయించి, తింటోందో లేదో మీ కళ్లతో చూడాలి. మూతి నున్నగా ఉందా, తల వెనక ఒళ్లు లోపలికి పీక్కుపోయిందా అన్నది గమనించాలి. పీక్కుపోయిన చేపను ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.

తిండి విషయంలో ఈ జాతిది పెద్ద పని. సముద్రంలో ఇది పగలంతా రాళ్ల మీద ఒక్కో చోటా ఆగి, ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు తిప్పి, సన్నటి పెంకు జీవుల్ని, ఫొరామినిఫెరా అనే గవ్వలాంటి పెంకున్న ఏకకణ జీవుల్ని, చిట్టి నత్తల్ని ఏరుకుని గొంతులోని పళ్లతో నలుపుతుంది. అది అలా వెతుక్కోవడం చూడటానికే నేను ఈ చేపను పెంచుతాను. అలాంటిదానికి రోజుకొక్కసారి చిటికెడు తిండి ఏం సరిపోతుంది? మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా వేయాలి. ట్యాంకు కనీసం ఆరేడు నెలలు నడిచి, రాళ్ల నిండా కోపెపాడ్లు పుట్టి ఉండాలి. గడ్డకట్టించిన మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు) తినడం నేర్చుకుంటే సగం గండం గడిచినట్టే. బాగా తింటూ కూడా చిక్కిపోతుంటే పేగుల్లో పురుగులున్నాయేమో అనుమానించి, చేపల వైద్యం తెలిసినవారిని అడిగి ప్రాజిక్వాంటెల్ లాంటి మందు తిండిలో కలిపి పెట్టాలి.

ఇక ముందు కొనేదాన్ని వేరే ట్యాంకులో క్వారంటైన్ చేస్తే, అక్కడా ఒక డబ్బాలో ఇసుక పెట్టండి. రాగి మందు వాడేటట్టయితే అది సిలికా ఇసుకే కావాలి, పగడపు ఇసుక రాగిని పీల్చేసుకుంటుంది. జంట కావాలనుకుంటే రెండు ఆడవాటినే తెచ్చుకోండి, పెద్దది తర్వాత మగదిగా మారుతుంది.

ప్రశ్న: మా ఫెయిరీ రాస్ తెల్లారేసరికి నేల మీద ఎండిపోయి ఉంది. నీళ్లన్నీ బాగానే ఉన్నాయి. అంతకుముందు కొన్నాళ్లు పొద్దున్నే దాని చుట్టూ పల్చటి జిగురు సంచి కనిపించేది. అదేమైనా జబ్బా? (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: జిగురు సంచి జబ్బు కాదు. ఫెయిరీ రాస్‌లు ఇసుకలో పడుకోవు. రాళ్ల సందులో చేరి ఆ తెర అల్లుకుని అందులో నిద్రపోతాయి. మీ చేప చనిపోయింది మూత లేక. రాస్‌లన్నీ ఎగిరేవే. వెలుగు ఒక్కసారిగా పోతే మరీ హడలిపోతాయి. మీ ఊళ్లో కరెంటు పోవడం అంటే అదేగా. పావు అంగుళం కళ్లున్న వల బిగించండి. వైర్లు దిగే మూలను కూడా వదలకండి, సరిగ్గా ఆ సందులోంచే పోతాయి. అద్దం మూత వద్దు, ఎండాకాలం నీళ్లు వేడెక్కుతాయి. గదిలో ఒక చిన్న బల్బునూ, నీళ్లు కదిలించే పంపునూ ఇన్వర్టర్‌కు కలపండి. నీళ్లు కదలకపోతే ఆక్సిజన్ తగ్గి మిగిలినవీ పోతాయి.

ప్రశ్న: నా చేపలకు తెల్ల మచ్చలు వచ్చాయి. క్లీనర్ రాస్ వేస్తే తినేస్తుందని దుకాణదారు అంటున్నాడు. పగడపు ముక్కలు కూడా తెచ్చిస్తానంటున్నాడు. తీసుకోనా? (విశాఖపట్నం)

జవాబు: రెండూ వద్దండీ. తెల్ల మచ్చ జీవి చర్మం లోపల ఉంటుంది, క్లీనర్ రాస్‌కు అందదు. ఆ చేప పగడపు దిబ్బల మీద రోజంతా వచ్చిపోయే చేపల ఒంటి మీది పురుగుల్ని ఏరుకుని బతుకుతుంది. మీ ట్యాంకులో ఉన్న నాలుగైదు చేపలతో దానికి కడుపు నిండదు, చాలామటుకు ఆకలితో చస్తాయి. చేపలన్నిటినీ వేరే ట్యాంకులోకి తీసి వైద్యం చేయించండి. అసలు ట్యాంకును రెండున్నర నెలలు చేపల్లేకుండా ఖాళీగా ఉంచండి.

పగడాల మాటకొస్తే, దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. చిల్లుల సిరామిక్ రాళ్లు పేర్చుకోండి, రాస్‌లు వాటి సందుల్లో హాయిగా తిరుగుతాయి.