ఏం చేయమంటావని అడగకండి, ఒక పూట పూర్తిగా తీసుకోండి

ఈమధ్యే పెళ్ళయిందని, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారని, వంటింట్లోకి వెళ్ళి "ఏమైనా చేయనా?" అంటే మీ ఆవిడ "వద్దులెండి, నేను చూసుకుంటా" అంటున్నారని రాశారు. పని పంచుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న. మాది విశాఖపట్నం. నా భార్య స్టాఫ్ నర్సు. మార్నింగ్ డ్యూటీ, ఈవెనింగ్, నైట్ మారుతూనే ఉంటాయి. కాబట్టి ఈ విషయం మా ఇంట్లో బాగా నలిగింది.

ముందు ఆ "ఏమైనా చేయనా?" మానేయండి. దానికి జవాబివ్వాలంటే ఆవిడ ఏం వండాలో ఆలోచించాలి, ఇంట్లో ఏమున్నాయో గుర్తు తెచ్చుకోవాలి, మీ చేతికి ఏ పని ఇవ్వాలో చూడాలి, ఉల్లిపాయలు ఎంత సన్నగా తరగాలో చెప్పాలి. ఇంత చెప్పే బదులు తనే చేసుకుంటే ఈపాటికి అయిపోతుంది. వద్దులెండి అనేది అందుకే.

ఒక పూట పని మొత్తం మీదని చెప్పేయండి. మా ఇంట్లో పొద్దున టిఫిను, పిల్లల బాక్సులు నావి. ఆవిడకు ఏ షిఫ్టు పడినా, ఆ రోజు సెలవే ఉన్నా నావే. "ఎవరికి ఖాళీ ఉంటే వాళ్ళు చేద్దాం" అనుకున్న ఇళ్ళు చాలా చూశాను. అక్కడ ముందు ఎవరికి గుర్తొస్తే వాళ్ళే చేస్తారు. ఆ గుర్తొచ్చేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళకే, చిన్నప్పటి నుంచీ గుర్తుపెట్టుకోమని చెప్పింది వాళ్ళకే కాబట్టి.

మొత్తం అంటే ఎంతో ఇడ్లీ సంగతి చూడండి. రేకులు పాత్రలో పెట్టి పది నిమిషాలకు దించడం చివరాఖరి పని. ముందురోజు మధ్యాహ్నమే గ్లాసు మినప్పప్పు నానబెట్టాలి. రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ విడిగా తడిపి, కడిగి, నీళ్ళు గట్టిగా పిండి, రుబ్బిన పిండిలో కలపాలి. మే నెల ఉక్కలో సాయంత్రమే రుబ్బి బయట పెడితే తెల్లారేసరికి పొంగి గట్టంతా కారుతుంది, పులుపెక్కుతుంది. డిసెంబరులో అదే పిండి పొద్దున్నకి కదలనే కదలదు. అప్పుడు పెందలాడే రుబ్బి వెచ్చగా ఉండే చోట పెట్టాలి. గ్రైండరు కడగడం, రేకులు నానబెట్టి తోమడం కూడా ఇందులోవే. డబ్బాలో పప్పు అడుక్కి వచ్చిందని చూసి తెప్పించడమూ టిఫిను పనే. పప్పు నానబెట్టాలని ఆవిడకు గుర్తుండి, పొద్దున లేచి ఇడ్లీలు మీరు వేస్తే, సగానికి పైగా పని ఆవిడదే అయింది.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా ఎవరి సమయం దేనికి పోతోందో సర్వే చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు నూటికి 26 మందే. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ 26. మిగతావాళ్ళు ఆ 97 నిమిషాల లెక్కలోకి కూడా రారు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో తీర్పిస్తూ, జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఈ లెక్కలే ప్రస్తావించి, గృహిణి పనికి విలువ కట్టి తీరాలని రాశారు. మనిషి పోయాక కోర్టు కట్టే ఆ విలువ, ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ళు గుర్తించాలి కదా.

ఇంకోటి, మీ అమ్మగారు వచ్చినప్పుడు మానేయకండి. చాలామంది అక్కడే జారిపోతారు. మా అమ్మ ఊరి నుంచి వచ్చిన మొదటిసారి, నేను గిన్నెలు తోముతుంటే "ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చావు, నీకెందుకురా ఇదంతా" అంది. "అదీ డ్యూటీ చేసి అలిసిపోయే వచ్చిందమ్మా" అన్నాను. ఆ మాట నేనే అనాలి. మా ఆవిడ అంటే అత్తాకోడళ్ళ గొడవ అయ్యేది. అమ్మ కొన్నాళ్ళు ముభావంగా ఉంది. తర్వాత తనే నాకు పిండి ఎంత జారుగా ఉండాలో చూపించింది.

మీ ఆవిడతో కూడా ముందే మాట్లాడుకోండి. మొదట్లో చట్నీలో ఉప్పు ఎక్కువవుతుంది, వంటింటి సర్దుడు ఆవిడకు నచ్చినట్టు ఉండదు. మీరు తోమిన గిన్నె ఆవిడ మళ్ళీ తోమితే ఇద్దరికీ విసుగే.

వంట అలవాటు లేకపోతే ఇడ్లీతో మొదలుపెట్టొద్దు. రాత్రి భోజనాలయ్యాక వంటిల్లు మీరు తీసుకోండి. మిగిలినవి చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టడం, సింకు ఖాళీ చేయడం, గట్టు తుడవడం, చెత్త బయట పెట్టడం, పాలు తోడు పెట్టడం. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. తోడు మాత్రం గుర్తుపెట్టుకోండి, పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే వేయాలి.